కోతిని, మే ఎండను తట్టుకునే ఇల్లు: వరంగల్ చుట్టుపక్కల ఒక వెతుకులాట

ధర్మసాగర్ దారిలో మాకు నాలుగు గుంటల జాగా ఉంది. అందులో ఇద్దరికి సరిపడే చిన్న ఇల్లు, చేదబావి, కూరగాయల మడి, నాలుగు కోళ్లు ఉండాలని నేనూ మా ఆవిడా ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ప్లాను గీయించే ముందు అలాంటి ఇళ్లలో నాలుగు రాత్రులు పడుకుని చూద్దామని మే నెలలో బయలుదేరాం. చల్లదనం వెతుక్కుంటూ ములుగు అడవులకు వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, ఎండ కోసం వెళ్లింది బహుశా మేమే.

ఎక్కడ దిగినా రెండే సంగతులు చూశాం. మధ్యాహ్నం మూడింటికి ఫ్యాను ఆపి కూర్చోగలమా? ఏదైనా చెడిపోతే బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు?

మొదటి మజిలీ ములుగు దాటాక ఒక ‘ప్రకృతి నివాసం’. పేరు చెప్పను. గోడలు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. ఎర్ర మొరంలో కాస్త సిమెంటు కలిపి, యంత్రంలో అదిమి చేసిన మట్టి ఇటుకలు అవి. బట్టీలో కాల్చే పని లేదు, మూడు నాలుగు వారాలు నీళ్లు చల్లి ఆరబెడితే చాలు. మాది కూడా చెలక నేలే కాబట్టి మొరం అక్కడే దొరుకుతుంది, నల్లరేగడి అయితే ఈ ముచ్చట మరచిపోవలసిందే. ఇంత బాగా కట్టి, అడవి కనబడాలని పడమటి గోడకు నిలువెత్తు అద్దం పెట్టారు. నాలుగింటికి ఆ గదిలో కూర్చోవడం ఎవరి తరమూ కాదు.

పైకప్పు మీద సౌర పలకలు ఉన్నాయి, వెనక డీజిల్ జనరేటరూ ఉంది. మేమున్న రాత్రి ఇన్వర్టరు మొరాయించింది. మెకానిక్ హైదరాబాదు నుంచి రావాలట. గోబర్ గ్యాస్ డోము పక్కన ఒకే ఒక లేగదూడ కట్టేసి ఉంది. ఘనమీటరు గ్యాసుకు రోజుకు పాతిక కిలోల దాకా పేడ కావాలి, అంటే రెండు మూడు పెద్ద పశువులైనా ఉండాలి. ఆ దూడ ఫొటోల కోసమే అనిపించింది. వంట మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వడ్డించే అమ్మాయి ఓపిక, వీటికి వంక పెట్టలేం. రాత్రికి మూడున్నర వేలు ఇచ్చి ఆ గోడలు చూసి రావచ్చు, ఇంటి నమూనాగా మాత్రం నేను తీసుకోను.

లక్నవరంలో పర్యాటక శాఖ కాటేజీలు శుభ్రంగా ఉన్నాయి. వేలాడే వంతెన మీద సాయంత్రం బాగుంటుంది. గదిలో ఏసీ ఉంది కాబట్టి మా పనికి వచ్చే పాఠం ఏమీ లేదు, హాయిగా నిద్రపోయాం.

రామప్పకు జాతీయ రహదారి మీద జంగాలపల్లి క్రాసు దగ్గర బస్సు దిగి ఆటో ఎక్కాలి. ఆదివారాలు ఆటోవాళ్లదే రాజ్యం, బేరం ముందే కుదుర్చుకోండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి అందరూ నీటిలో తేలే ఇటుకల గురించే అడుగుతున్నారు. శిఖరం బరువు తగ్గించడానికి వాడిన తేలిక ఇటుకలు అవి. నా కళ్లు మాత్రం చూరు మీదే నిలిచాయి. మదనికల శిల్పాల తలల పైన ఎంత ముందుకు చొచ్చుకు వచ్చిందో చూడండి. మేము వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం, గోడంతా నీడలోనే ఉంది. పక్కనే మా ఆవిడ జేబురుమాలు నెత్తిన వేసుకుని, “మన ఇంటికి చూరు మూడడుగులకు తగ్గకూడదు” అని తేల్చేసింది.

అక్కడి నుంచి జనగామ వైపు. లింగాలఘనపురం మండలంలోని ఏనబావి రసాయన ఎరువులు, పురుగుమందులు పూర్తిగా మానేశామని 2006లో ప్రకటించుకున్న ఊరు. అక్కడి పొలాలు చూడాలన్నది చాలాకాలపు కోరిక. బస మాత్రం ఆ దగ్గరలోని మరో ఊళ్లో, తెలిసినవాళ్ల బంధువుల ఇంట్లో. ఈ ప్రయాణంలో మాకు నిజంగా ఉపయోగపడిన ఇల్లు అదొక్కటే.

నడుమ వాకిలి ఉన్న పాతకాలపు భవంతి ఇల్లు. మూరెడు మందం మట్టిగోడలు, వేప దూలాలు, అడుగు భాగానికి జాజు (ఎర్రమట్టి) పూత. కప్పు సగం గూనపెంకు, సగం రేకులు. రెండింటి కిందా కాసేపు కూర్చుని చూశాను. పెంకు కింద నులకమంచం మీద కునుకు పట్టింది. రేకుల కింద పది నిమిషాలకే చొక్కా తడిసిపోయింది. మరి మిగతా సగం ఎందుకు మార్చారని ఇంటి పెద్దమ్మను అడిగాను.

“కోతులు దూకితే పెంకు ఆగదు బిడ్డా. ఇదివరకు ఊళ్లోనే కుమ్మరి చేసిచ్చేవాడు, ఇప్పుడు పెంకు చేసేవాడే లేడు. రేకు వేస్తే ఈ ఎండకు మేము ఆగడం లేదు” అంది. మిగిలిన పెంకుల మీద ముళ్లకంప పరిచి ఉంది. అయినా మా కళ్ల ముందే ఒక గుంపు దాని మీదుగా దర్జాగా నడిచి వెళ్లింది.

స్వయంసమృద్ధి గురించి మాట్లాడేవాళ్లు కోతుల మాట ఎత్తరు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పెరటి తోట పెట్టాలా వద్దా అన్నది చాలాచోట్ల అవే తేలుస్తున్నాయి. ఈ పెద్దమ్మ దానికీ ఉపాయం కనిపెట్టింది. ఇంటి నడుమ వాకిలికి పైన ఇనుప జాలీ బిగించి, బీర, సొర తీగలు కింద నుంచి దానికే పాకించింది. కాయలు జాలీ కింద వేలాడుతున్నాయి, కోతులు పైన కూర్చుని చూస్తున్నాయి. గోడ బయట పసుపు, మిరప మాత్రమే. వాటి జోలికి అవి అంతగా రావట.

తిరిగి వచ్చాక ప్లాను మార్చాం. గోడలు మట్టి ఇటుకలే. కప్పు మాత్రం గూనపెంకు వద్దనుకుని, హనుమకొండలో ఒక మిత్రుడి ఇంట్లో చూసిన ఫిల్లర్ స్లాబుకు వచ్చాం. స్లాబు అడుగున పెంకులు పొదిగి పైన కాంక్రీటు పోస్తారు, సిమెంటు తగ్గుతుంది, వేడీ కొంత తగ్గుతుంది, కోతులు గెంతినా చలించదు. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో ఎన్నో ఇళ్లకు వాడిన పద్ధతి. మా మేస్త్రీకి ఒకసారి చూపిస్తే అర్థమైంది. జాలీ కప్పిన వాకిలి నడుమ తప్పనిసరి.

నీళ్ల లెక్క తేలిక. నలభై చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా 32 వేల లీటర్లు. అంతా దాచనక్కరలేదు. నవంబరు నుంచి మే దాకా ఇద్దరికి తాగడానికి, వంటకు రోజుకు ఇరవై లీటర్లు అనుకుంటే ఐదు వేల లీటర్ల సంపు చాలు. మిగతాది బావి పక్కన ఇంకుడుగుంతలోకి.

సౌర విద్యుత్తు విషయంలో నా ఉత్సాహం తగ్గింది. కిలోవాటుకు కేంద్రం 30 వేలు రాయితీ ఇస్తున్నా, రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా అందే కుటుంబానికి పలకల ఖర్చు తిరిగి రావడం కష్టం. మాకు ఆ అర్హత లేదు కాబట్టి ఒక కిలోవాటు పెడుతున్నాం, అదీ బ్యాటరీలు లేకుండా, హనుమకొండలోనే రిపేరు దుకాణం ఉన్నవాళ్ల దగ్గర.

ఇలాంటి బసలు చూడదలచినవాళ్లు మేలోనే వెళ్లండి. అద్దెలు తక్కువ, గదులు ఖాళీ, డిసెంబరులో ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. గది చూసే ముందు పడమటి గోడ ఎలా ఉందో, వెనక జనరేటరు ఉందో లేదో చూడండి. ఫొటోల్లో అవి కనబడవు.