శ్రీశైలం ప్యాకేజీలో 'జింకల మేత సేవ' అని అడిగితే డబ్బులు కట్టకండి

విజయవాడ, గుంటూరు నుంచి కార్తీక మాసంలో శ్రీశైలం బస్సు బుక్ చేసుకునేవాళ్లు ఇది చదవండి. మేం విజయవాడలో ఒక ట్రావెల్స్‌ దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం. బస్సు, దర్శనం, టిఫిన్‌తో పాటు 'జింకల మేత సేవ' పేరుతో మనిషికి 300 రూపాయలు అదనంగా వసూలు చేశారు. చలికాలంలో అడవిలో మేత దొరకదట, విదేశాల్లో అందరూ పెడతారట, మూగజీవాలకు పెడితే పుణ్యమట. బస్సులో పెద్దవాళ్లంతా ఆ మాట నమ్మే కట్టారు, మా అమ్మతో సహా.

దోర్నాల దాటాక ఘాట్‌లో బస్సు పక్కకు ఆపి, తలా ఒక ప్లాస్టిక్ కవరు చేతికిచ్చారు. విప్పితే ముక్కవాసన కొట్టే మొక్కజొన్నలు, వాటి మీద ఆకుపచ్చ బూజు. అలాంటి గింజలు మా ఇంట్లో గేదెలకు కూడా పెట్టం. ఆ బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టి లివర్‌ను దెబ్బతీస్తుంది. అదే చెబితే, "ఏం కాదండీ, అడవి జంతువులు దేన్నైనా అరిగించుకుంటాయి" అన్నాడు బస్సుతో వచ్చిన గైడ్. ఇంతలో ఫారెస్టువాళ్లు వచ్చి మందలించి, చల్లిన గింజలూ కవర్లూ మా చేతే ఏరించారు. డబ్బులు వెనక్కి అడిగితే సేవకు రీఫండ్ ఉండదన్నారు. రసీదులో చూస్తే ఆ 300 'ఇతర ఖర్చులు' అని ఉంది.

వాళ్లు చెప్పిన కారణమే అబద్ధం. వానలు వెళ్లిన కొత్తలో నల్లమలలో గడ్డికీ ఆకుకీ కొదవుండదు. కరువొచ్చేది ఎండాకాలంలో, అదీ ముందు నీళ్లకు. అందుకే అటవీ శాఖ అప్పుడు సాసర్ పిట్లలో (జంతువులు తాగేలా నేలలో కట్టిన లోతు తక్కువ తొట్లు) ట్యాంకర్లతో నీళ్లు పోయిస్తుంది.

ఇక విదేశాల సంగతి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలంలో మేత మంచు కింద కప్పబడిపోయేది నిజమే. కానీ అక్కడి వన్యప్రాణి శాఖలే చాలా చోట్ల గింజలు పెట్టొద్దని మొత్తుకుంటాయి. చలికాలమంతా జింక పుల్లలు, మొగ్గలు తిని బతుకుతుంది. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ తిండికే అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా మొక్కజొన్న కడుపునిండా తింటే లోపల యాసిడ్ పెరిగిపోయి, మేత పొట్టలో ఉండగానే చచ్చిపోతుంది. గింజల బస్తా మీద పడి మేసిన గేదె ఎలా పడిపోతుందో చూసిన రైతులకు ఇది అర్థమవుతుంది.

ఒకే కుప్ప దగ్గర అన్నీ మూతులు పెడితే జబ్బులూ పాకుతాయి. మిషిగన్‌లో తెల్లతోక జింకల్లో టీబీ పాకడానికి ఈ మేత కుప్పలూ ఒక కారణమని తేలింది. 2019లో ఆ రాష్ట్రపు దక్షిణ భాగమైన లోయర్ పెనిన్సులా అంతటా మేత పెట్టడం నిషేధించారు, ముఖ్యంగా క్రానిక్ వేస్టింగ్ డిసీజ్‌ను అదుపు చేయడానికి. 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన ఈ జబ్బు జింకల మెదడును దెబ్బతీస్తుంది, లాలాజలంతోనూ అంటుకుంటుంది, దానికి మందే లేదు. మన దగ్గర గాలికుంటు ఉంది, అది జింకలకూ సోకుతుంది. పైగా రోడ్డు పక్క తిండి మరిగిన జింక బండ్ల కింద పడుతుంది, తిండి వాసన ఉన్న కవర్లు మింగుతుంది. పుణ్యం పేరుతో ఇంత హాని అమ్ముతున్నారంటే నాకు బాధగా ఉంది, కోపంగానూ ఉంది.

బుక్ చేసేముందు ప్యాకేజీలో దేనికెంతో విడివిడిగా రాసివ్వమనండి. మేత సేవ ఉంటే తీసేయమని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, నోటిమాట వద్దు. ఇప్పటికే కట్టినవాళ్లు రసీదు, యూపీఐ స్క్రీన్‌షాట్, గింజల ఫొటో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేం చేశాం.