పైపూ పొగాకూ: విజయనగరంలో కొట్టు మేలా, ఆన్‌లైన్ మేలా?

విజయనగరంలో సిగరెట్టు కావాలన్నవారికి ఏ మలుపు తిరిగినా బడ్డీ ఉంటుంది. చుట్ట కావాలన్నవారికి పొగాకు కట్టలు పరుచుకుని కూర్చునే వ్యాపారి వారపు సంతలో ఉంటాడు. పైపు తాగేవారికి మాత్రం గంట స్తంభం దగ్గర బయలుదేరి మూడు లాంతర్ల మీదుగా కోట దాకా నడిచినా పనికివచ్చే పైపు సాధారణంగా కనిపించదు. దానికి తగిన పొగాకు ఎక్కడైనా కనిపిస్తే అదృష్టమే. అందువల్ల ఊళ్ళోని కొట్టువాడికి చెప్పి తెప్పించుకోవడం, రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి తెచ్చుకోవడం, ఫోనులో ఆర్డరు పెట్టడం అనే మూడు దారులు మిగులుతాయి. వీటిలో ఏది మేలని అడిగి, పైపుకూ పొగాకుకూ కలిపి ఒకే జవాబు వెదికేవారే ఎక్కువగా నష్టపోతారని నా అభిప్రాయం. పైపు ఎన్నాళ్ళు అరలో ఉన్నా చెడని వస్తువు. పొగాకు మూట కట్టిన నాటి నుంచి మారుతూ ఉండే సరుకు. మొదటిదాన్ని ఆన్‌లైన్‌లోనూ, రెండోదాన్ని అమ్మే మనిషి ఎదుట నిలబడీ కొనడం మంచిది. చేత్తో పట్టుకుని చూడవలసింది పైపే కదా, ఇది తలకిందుల సలహా కాదా అని ఎవరికైనా తోచవచ్చు గనుక కారణాలు వివరంగా చెప్పవలసి ఉంది.

మన ఊళ్ళలో బహుమతుల కొట్లలోనూ పెద్ద పాన్ షాపుల్లోనూ పైపు పేరిట అమ్మేది చాలావరకు అలంకార వస్తువు. నల్లగా మెరిసే చెక్క, మెడ దగ్గర ఇత్తడి పట్టీ, పొగాకు కూరే గిన్నె లోపలా బయటా దట్టంగా వార్నిష్. అలాంటిదాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని, సెల్‌ఫోన్ టార్చి వేసి గిన్నె లోపలికి చూడండి. పొగ వెళ్ళే రంధ్రం సరిగ్గా అడుగున తెరుచుకోవలసింది పోయి, పక్క గోడలో పైకి ఎక్కి కనిపిస్తుంది. రంధ్రానికి దిగువన ఉండిపోయే పొగాకు ఎన్నిసార్లు అగ్గిపుల్ల గీసినా సరిగా కాలదు; తడిసి ముద్దయి పుల్లని కంపు కొడుతుంది. లోపలి వార్నిష్ అయితే మొదటి వేడికే బుడగలెత్తి, ఆ పొగ నేరుగా నోట్లోకి వస్తుంది. కొట్లో చేత్తో పట్టుకుని చూసే సౌకర్యం ఉన్నమాట నిజమే గాని, చూడదగిన వస్తువే అక్కడ లేనప్పుడు ఆ సౌకర్యం వల్ల కలిగే లాభం ఏమీ లేదు.

మంచి పైపుకు వాడే బ్రయర్ అనేది మధ్యధరా తీర ప్రాంతాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద వేరు దగ్గర ఏర్పడే గట్టి ముద్ద. దాన్ని తవ్వి తీసి, గంటల తరబడి నీళ్ళలో ఉడికించి, లోపలి పసరు పోయాక నెలల తరబడి ఆరబెట్టి, ఆ తర్వాతే తొలుస్తారు. వేడికి సులభంగా మాడదు, తేమను కొంత పీల్చుకుంటుంది. బొబ్బిలిలో పనస మానుతో అంత నాజూకైన వీణలు చెక్కే పనివారు ఉండగా ఒక పైపు చెక్కించుకోలేమా అని అడిగే మిత్రులు ఉన్నారు. చెక్కడం వారికి కష్టం కాదు. నాదాన్ని నిలబెట్టే చెక్క నిప్పును కూడా నిలబెడుతుందన్న హామీ మాత్రం లేదు.

ఆన్‌లైన్‌లో బ్రయర్ పైపు కొనేటప్పుడు బొమ్మ అందాన్ని బట్టి కాక కొలతలను బట్టి నిర్ణయించుకోవాలి. బరువు ఎన్ని గ్రాములు, గిన్నె లోపలి వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు, గోడ మందం ఎంత, ఫిల్టరు పడుతుందా, పడితే 6 మిల్లీమీటర్లదా 9 మిల్లీమీటర్లదా అన్న వివరాలు ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది. పైపు శుభ్రం చేసే నూలు పుల్లను నోటి కొన నుంచి దూర్చి, అది గిన్నె అడుగున బయటికి వచ్చినట్టు ఫొటో తీసి పంపమని అడగండి. సరుకు మీద నమ్మకం ఉన్నవాడు పంపిస్తాడు. ‘స్టాక్ ఫొటో మాత్రమే ఉంది సార్’ అన్నవాడి మాటలోనే మనకు కావలసిన సమాచారం దొరుకుతుంది. చెక్కలోని చిన్న చిన్న గుంటలను లప్పంతో పూడ్చి రంగు వేయడం చవక రకాల్లో మామూలే. బయటి వైపు ఒకటి రెండు ఉన్నా ఇబ్బంది లేదు గాని, గిన్నె లోపల ఉంటే వెనక్కి పంపించాలి. ఇలా వెనక్కి పంపే వీలు పైపు విషయంలో చాలా చోట్ల ఉంటుంది, పొగాకు విషయంలో దాదాపు ఉండదు. నేను పైపును ఆన్‌లైన్ వైపు నెట్టడానికి ముఖ్య కారణం ఇదే.

కొత్తగా మొదలుపెట్టేవారు బ్రయర్ జోలికి పోకుండా మొక్కజొన్న కండె పైపు కొనుక్కోవడం తెలివైన పని. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, వాషింగ్టన్ అనే చిన్న ఊళ్ళో, 1869 నుంచి ఇవి తయారవుతున్నాయి. మన జిల్లాలో మొక్కజొన్న విరివిగా పండుతుంది గనుక కండెకు కొదవ లేదని అనుకోవచ్చు. అయితే పైపుకు వాడేది మందమైన కండె కోసమే ప్రత్యేకంగా పెంచే రకం, పైగా దాన్ని చాలాకాలం ఆరబెట్టి గానీ తొలవరు. ఈ పైపులు మన కొట్లలో అరుదు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఈ ఒక్క వస్తువు దగ్గర పోటీయే లేదు.

పొగాకు దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. వర్జీనియా పొగాకు సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉంది. ఆ సాగునూ అమ్మకాలనూ చూసే పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పని చేస్తోంది. అయినా ప్రకాశం జిల్లాలోనో జంగారెడ్డిగూడెం వైపో పండి, బ్యారన్లనే వేడి కొట్టాల్లో ఆరిన ఆకు వేలం కేంద్రాల నుంచి ఎగుమతిదారులకూ సిగరెట్టు కంపెనీలకూ పోతుందే తప్ప, పైపుకు తగినట్టు కోసి, కలిపి, డబ్బాలో పెట్టిన రూపంలో మన వీధికి రాదు. మన పైపుల్లో పడేది ఎక్కువగా డెన్మార్క్ వంటి దేశాల నుంచి దిగుమతి అయ్యే సరుకు. ఆ దిగుమతి సుంకం, దాని మీద పొగాకు ఉత్పత్తులకు వర్తించే జీఎస్టీలోని అత్యధిక రేటు కలిసి ధరను ఎక్కడికో తీసుకుపోతాయి. ఈ స్థితిలో ఎవరైనా ‘చవక’ అన్నారంటే ముందు అనుమానించాలి.

ధర చూసి భయపడి, సంతలో దొరికే చుట్ట పొగాకునే నలిపి పైపులో కూరి తాగేవారు కూడా లేకపోలేదు. ఇది నేను సమర్థించలేని పద్ధతి. గోదావరి లంకల్లో పండి చుట్టలకు వచ్చే ఆకు ఘాటు వేరు. అలాంటి ఆకు పొగకు క్షార గుణం ఎక్కువ గనుక గుండెల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర గుండానే ఒంట్లోకి చేరుతుంది. పైపు పొగ లోపలికి పీల్చరు కాబట్టి హాని లేదనే వాదన కూడా ఇక్కడే తేలిపోతుంది. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు మన తీర గ్రామాల ఆడవారిలో ఎంతగా ఉండేదో పెద్దవారికి తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఆ అలవాటు అంగిలికి చేసే చేటును ప్రపంచానికి చూపింది. పైపు అడ్డపొగ కాదు, నిజమే. కాని నోటి క్యాన్సర్ ముప్పు పైపు తాగేవారికీ ఉంది. అలవాటు లేనివారు ఈ వ్యాసం చదివి మొదలుపెట్టవద్దని కోరుతున్నాను. ఉన్నవారి కోసమే ఈ పోలిక.

కొట్లో పొగాకు కొనడం వల్ల కలిగే మొదటి లాభం బొటనవేలు. మూసి ఉన్న పౌచ్‌ను రెండు వైపులా పట్టుకుని మెల్లగా నొక్కితే లోపలి పొగాకు అణిగి, వదలగానే నెమ్మదిగా తిరిగి పొంగాలి. ఎండిన తమలపాకులా గరగరలాడితే అది కొట్టు ముందు ఎండకు వేలాడిన సరుకు. నొక్కిన చోటే ముద్దగా ఉండిపోతే తేమ మితిమీరింది, వానాకాలంలో బూజు పడుతుంది. రెండో లాభం కళ్ళు. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు ప్యాకెట్ల ముందూ వెనుకా 85 శాతం మేర ఆరోగ్య హెచ్చరిక బొమ్మ ఉండాలి. 2018 సెప్టెంబరు నుంచి, మానుకోదలచినవారి కోసం 1800-11-2356 అనే నంబరు కూడా ముద్రించాలి. దిగుమతి చేసిన సంస్థ పేరు, చిరునామా, సరుకు తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. ఇవేవీ లేకుండా విదేశీ రాతలతో మాత్రమే మెరిసిపోయే డబ్బా, సుంకం ఎగ్గొట్టి వచ్చిన సరుకు అయి ఉంటుంది. నకిలీ కూడా కావచ్చు. మూడోది, అన్నిటికన్నా విలువైనది, కొట్టువాడి మాట. పాత గిరాకీ పోగొట్టుకోకూడదనుకునే వ్యాపారి, ‘మాస్టారూ, ఇది పైడితల్లి పండక్కి తెచ్చిన సరుకండి, ఎండిపోయుంటాది, కొత్తది వచ్చాక చెప్తాను’ అని తానే చెప్పి పక్కన పెట్టేస్తాడు. ఆ మాట ఏ యాప్‌లోనూ దొరకదు.

కొట్టులో లోపాలు లేవని కాదు. రకాలు తక్కువ, లటాకియా, పెరిక్ వంటి ప్రత్యేక రకాల పొగాకులు కలిసిన మిశ్రమాలు అడిగితే తెల్లమొహం వేస్తారు. తీపి వాసన వేసే చెర్రీ, వనిల్లా రకాలే తెప్పిస్తారు. సిగరెట్టు చుట్టుకోవడానికి సన్నగా కోసిన పొగాకును పైపు పొగాకు అని అంటగడతారు. అది పైపులో భగ్గున మండి నాలుకను కాలుస్తుంది. పౌచ్ మీద రాసిన కోత రకం చదివి తీసుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదన్నది చట్టం. కాలేజీలతో నిండిన మన ఊళ్ళో ఆ నియమాన్ని పాటిస్తూ నిలదొక్కుకున్న పొగాకు కొట్టు ఉంటే, నాలుగు రూపాయలు ఎక్కువైనా దాని దగ్గరే కొనాలని నేననుకుంటాను.

ఆన్‌లైన్‌లో రకాలకు అంతు లేదు, చిక్కులకూ లేదు. పేరున్న పెద్ద షాపింగ్ వేదికల్లో పైపులూ, పైపు సామాగ్రీ కనిపిస్తాయి గాని పొగాకు కనిపించదు. అమ్మేది విడి వెబ్‌సైట్లు, ఇంకా చెప్పాలంటే వాట్సాప్ నంబర్లు. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి పొగాకు అమ్మడం నేరం కాగా, వయసు అడగకుండానే పార్సిల్ పంపేవాడు తక్కిన నియమాలను పాటిస్తాడని ఎలా నమ్మడం? విదేశీ సైటు నుంచి నేరుగా తెప్పించుకుంటే పార్సిల్ కస్టమ్స్‌లో ఆగుతుంది; బహుమతి అని రాయించే పాత ఉపాయం 2019 డిసెంబరు నుంచి చెల్లదు, ఎందుకంటే తపాలా ద్వారానో కొరియర్ ద్వారానో సుంకం లేకుండా వచ్చే బహుమతుల్లో రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప మిగతావాటికి మినహాయింపు తీసేశారు. వీటన్నిటినీ దాటి వచ్చిన పౌచ్ మే నెలలో గోదాములో, వ్యానులో నాలుగైదు రోజులు ఉడికి ఇంటికి చేరుతుంది. మూత తీశాక బాగోలేదంటే తిరిగి తీసుకునేవాడు ఉండడు.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. ఒక గిన్నెకు రెండున్నర గ్రాముల పొగాకు పడుతుందనుకుంటే 50 గ్రాముల డబ్బా ఇరవై సార్లకు వస్తుంది. వారానికి రెండు మూడు సార్లు తాగేవారికి అది సుమారు రెండు నెలల సరుకు. అంత కొంచెం వాడకానికి కొరియర్ ఖర్చు పెట్టుకుని తెప్పించుకోవడం కన్నా, వేరే పని మీద విశాఖపట్నం వెళ్ళినప్పుడు రెండు డబ్బాలు చూసి తెచ్చుకోవడం నయం. రైల్లో గంట ప్రయాణం. తెచ్చినదాన్ని రబ్బరు వలయం ఉన్న గాజు సీసాలో బిగించి, ఎండ తగలని అలమారలో పెట్టాలి. ఆవకాయ జాడీలు దీనికి పనికిరావు. గాలి ఆగదు, వాసన పోదు.

ఆన్‌లైన్‌లో కొన్న పైపు పగిలి వస్తే ఏమిటి గతి అని భయపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అమ్మకందారు ఏ నగరంలో ఉన్నా మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఢిల్లీకో ముంబైకో తిరగనక్కరలేదు. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకుంటే వాదనకు బలం. వాట్సాప్‌లో డబ్బు పంపి కొన్న పొగాకుకు బిల్లే ఉండదు గనుక చూపించడానికి ఏమీ మిగలదు.

రకం కోసం తపించేవారికి ఇంకొక దారి ఉంది, అది మన జిల్లాలో చాలా ఇళ్ళకు అందుబాటులోనే ఉంది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న బావమరిదో మేనల్లుడో సెలవుకు వచ్చేటప్పుడు తన సామానులో 125 గ్రాముల వరకు పొగాకును సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే 50 గ్రాముల డబ్బాలు రెండు; మూడోది పెడితే హద్దు దాటి సుంకం పడుతుంది. అతనే సిగరెట్లు కూడా తెచ్చుకుంటే ఈ మినహాయింపు రెండింటికీ విడివిడిగా రాదు, ఏదో ఒకదానికే వస్తుంది. కాబట్టి చీటీ రాసి పంపే ముందు ఆయనకు సిగరెట్టు అలవాటు ఉందో లేదో కనుక్కోవడం మంచిది.