పీఆర్ కోర్సు నేర్పిన తప్పుడు కొలత

పౌర సంబంధాల్లో (పీఆర్) రెండేళ్ల కోర్సు పూర్తిచేసి, మూడేళ్లుగా ఒక ఏజెన్సీలో పనిచేస్తున్నాను. ఇన్నాళ్లయినా ఒక పాఠం మీద నా కోపం చల్లారలేదు. చేసిన పనికి ఫలితం ఎంత వచ్చిందో కొలిచే పాఠం అది.

మన ప్రచారం గురించి పత్రికలో వార్త ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు వచ్చిందో స్కేలు పెట్టి చూడాలి. అంత జాగాలో వ్యాపార ప్రకటన వేయిస్తే ఎంతవుతుందో లెక్కగట్టాలి. ఆ మొత్తమే మన పని విలువ. మాకు నేర్పింది ఇదే, పరీక్షలో నాకు మంచి మార్కులు తెచ్చిందీ ఇదే.

ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో రక్తదాన ప్రచారం ఒకటి నా చేతికి వచ్చింది. నెల తిరిగేసరికి ముప్పైకి పైగా క్లిప్పింగులు పోగుచేసి, ఒక్కోదాని పక్కన విలువ రాసి, గర్వంగా నివేదిక పట్టుకెళ్లాను. ఆ ప్రచారం మాకు అప్పగించిన సంస్థ బాధ్యురాలు పేజీలు తిప్పుతూ అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గర వేలు ఆపారు. "ఈ వార్త చదివావా అమ్మా?" అని అడిగారు. శిబిరానికి వచ్చిన దాతలు గంటల తరబడి నిలబడి, రక్తం ఇవ్వకుండానే వెళ్లిపోయారని రాసిన కథనం అది. అరపేజీ వచ్చింది కాబట్టి నా లెక్కలో అదే మా ఘనవిజయం! "ఇవన్నీ చూసి కొత్తగా ఎంతమంది వచ్చారు?" అన్న రెండో ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి వెతుకుతుంటే బార్సిలోనా సూత్రాలు కనిపించాయి. ప్రకటన ఖరీదుతో పీఆర్ విలువ కట్టకూడదని ఈ రంగంలోని వారే 2010లో ఒప్పుకున్న మాట అది. మా తరగతిలో ఆ పేరైనా వినలేదు. మరుసటి నెల శిబిరాల నమోదు కాగితంలో "మా గురించి ఎలా తెలిసింది?" అని ఒక్క గడి చేర్పించాను. ఫోన్ నంబరుతో వచ్చిన నాలుగు వరుసల చిన్న వార్తే పెద్ద కథనాలకన్నా ఎక్కువమందిని తెచ్చిందని అప్పుడు తెలిసింది.

రచన తరగతి గొప్పదని జూనియర్లకు చాలాసార్లు చెప్పాను. వారానికో పత్రికా ప్రకటన రాయించి, ముఖ్యమైన సంగతి మొదటి పేరాలో లేకపోతే వెనక్కి ఇచ్చేవారు. ఆ అలవాటు రోజూ అక్కరకొస్తోంది. కాకపోతే రాసిందంతా పత్రికలకే. కోపంతో ఉన్నవారికి గంటలోపు ఏం జవాబివ్వాలో ఒక్కసారీ సాధన చేయించలేదు. 1982లో టైలెనాల్ మందులో ఎవరో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయినప్పుడు, జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించిన ఉదంతాన్ని కంఠతా పట్టాం. ఆ మొదటి గంటల్లో ఆ కుర్చీలో మీరుంటే ఏం రాస్తారని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

నాది సైన్సు డిగ్రీ, ఈ రంగంలో తెలిసినవారెవరూ లేరు. కోర్సు ద్వారా దొరికిన ఇంటర్న్‌షిప్పే ఉద్యోగం తెచ్చింది కాబట్టి చేరినందుకు బాధ లేదు. ఇప్పటికే పత్రికలో పనిచేస్తూ రాయడం వచ్చినవారికి రెండేళ్లు అవసరమా అంటే గట్టిగా చెప్పలేను. చేరేముందు మాత్రం, ఫలితాల కొలతకు సంబంధించిన పాఠంలో ఏముందో చూపమని అడగండి.