అచ్చు గ్రిప్ ప్రాక్టీస్ క్లబ్: వాడేముందు గచ్చు మీద పెట్టి చూసుకోండి

గోల్ఫ్‌లో ఏడాదిన్నర పాటు నేను కొట్టిన ప్రతి బంతీ కుడివైపుకే వంగి పోయేది. విసిగిపోయి చివరికి ఆన్‌లైన్‌లో ఒక ప్రాక్టీస్ క్లబ్, అంటే బంతి కొట్టే కర్ర, తెప్పించాను. చూడ్డానికి మామూలు ఏడో నంబర్ ఐరనే (పలచటి ఇనుప తల ఉండే క్లబ్), కాకపోతే పట్టుకునే చోట రబ్బరు మీద వేళ్లకి గుంటలు అచ్చుపోసి ఉంటాయి. ఎడమ బొటనవేలికి ఒక కాలువ, దాని మీద కుడి అరచెయ్యి కూర్చోడానికి ఒక ఎత్తు, మిగతా వేళ్లకి వాటి వాటి చోట్లు. చెయ్యి పెడితే వేళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. మూడు వేల లోపే పడింది. ఇలాంటివి చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి, అన్నిటిదీ దాదాపు ఒకటే తీరు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. నాలుగు నెలలు వాడాక నా మాట ఏంటంటే, కొనొచ్చు, పనిచేస్తుంది. కానీ ఇంటికొచ్చిన రోజే ఒకటి చూసుకోవాలి, రోజూ ఎంతసేపు వాడాలో తెలిసి ఉండాలి. ఈ రెండూ నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే నెలన్నర కలిసొచ్చేది.

మాది జడ్చర్ల పక్కన పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లు ఆఫీసు వాళ్లతో రేంజ్‌కి (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే మైదానం) పోయి నేర్చుకున్న ఆట ఇది, ఊరికి తిరిగొచ్చాక కూడా వదల్లేకపోయాను. నెలకి రెండు ఆదివారాలు చీకటితోనే బెంగళూరు హైవే ఎక్కి హైదరాబాద్ రేంజ్‌కి పోతాను. మిగతా రోజుల్లో పల్లి పీకేసిన మా చెలకలో రెండు వేపచెట్లకి నెట్ కట్టి, కింద ప్లాస్టిక్ గడ్డి పట్టా ఒకటి పరిచి కొడతాను. పట్టా లేకుండా ఎర్ర చెలకలో కొట్టకండి, గులకరాళ్లకి ఐరన్ మొహమంతా, అంటే బంతికి తగిలే వైపంతా, గీతలు పడతాయి, నావి రెండు అలాగే పాడయ్యాయి.

పక్కన కోచ్ లేకుండా ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఉండే పెద్ద ఇబ్బంది ఏంటంటే, తప్పు చేత్తో వంద బంతులు కొడితే ఆ తప్పే వందసార్లు నేర్చుకుంటాం. నాకు జరిగింది అదే. ఒకరోజు మా నాయిన వచ్చి కాసేపు నిలబడి చూసి, "గంత గట్టిగ పట్టుకుంటే చెయ్యెట్ల తిరుగుతది బిడ్డా, చిర్రగోనె గట్లనే ఆడినవా?" అన్నాడు. ఆయనకి గోల్ఫ్ తెలియదు కానీ గొడ్డలి, పార, గడ్డపార పట్టిన చేతులు ఆయనవి, ఏ పని ముట్టు ఎంత బిగువుగా పట్టాలో ఆయన చేతికి తెలుసు. ఆ రాత్రి నా పాత గ్లవ్స్ మూడు తీసి చూశాను. మూడింటికీ ఒకే చోట చిల్లు, చిటికెన వేలి కింద అరచేతి మడమ దగ్గర, రూపాయి బిళ్లంత. వేళ్ల దగ్గర తోలు కొత్తదానిలాగే ఉంది. అంటే నేను క్లబ్‌ని వేళ్లతో కాదు, అరచేత్తో పట్టుకుంటున్నాను, కొట్టిన ప్రతిసారీ అది అక్కడ జారి రాసుకుంటోంది. మీ గ్లవ్ ఒకసారి తీసి చూడండి, కోచ్ చెప్పాల్సిన సగం మాట అదే చెప్తుంది.

కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ చేతిలో క్లబ్ చిటికెన వేలి మొదలు నుంచి చూపుడు వేలి మధ్య కణుపు దాకా ఏటవాలుగా, వేళ్ల మీద పడుకోవాలి. పైన అరచేతి మడమ దాని మీద మూతలా కూర్చోవాలి. కిందికి చూస్తే ఎడమ చేతి మెటికలు రెండో మూడో కనిపించాలి, బొటనవేలు నడిమికి కాస్త కుడివైపుగా ఉండాలి. సరిగ్గా పట్టారా లేదా అన్నది ఇలా తెలుస్తుంది: ఎడమ చెయ్యి ఒక్కటే ఉంచి, చూపుడు వేలి వంకీ మీదా అరచేతి మడమ మీదా మాత్రమే క్లబ్ నిలబెట్టి గాల్లోకి లేపండి, మిగతా వేళ్లు విప్పేయండి. క్లబ్ నిలబడితే వేళ్లలో ఉన్నట్టు. అరచేతిలో అడ్డంగా ఉంటే వెంటనే కిందికి వేలాడిపోతుంది. నాది మొదటి రోజు క్షణం కూడా నిలబడలేదు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, బంతి మొదట ఏ దిక్కుకి లేస్తుందో ఎక్కువగా నిర్ణయించేది కొట్టే క్షణంలో ఐరన్ మొహం ఎటు చూస్తోందన్నదే. ఐరన్ కదిలే దారికి ఆ మొహం కుడివైపు తెరుచుకుని ఉంటే బంతి కుడికి తిరుగుతూ పోతుంది, అదే స్లైస్. అరచేత్తో పట్టుకుంటే మణికట్టు బిగుసుకుపోయి మొహం వెనక్కి మూసుకోవడానికి టైమ్ సరిపోదు. భుజం తిప్పాలి, నడుం తిప్పాలి అని ఎన్ని వీడియోలు చూసినా నా స్లైస్ పోకపోవడానికి కారణం ఇది, రోగం చేతిలో ఉంటే నేను నడుముకి మందు వేస్తూ కూర్చున్నాను.

ఇక ఆ క్లబ్ సంగతి. మొదటి వారంలోనే స్లైస్ మాయమైంది. బంతి సూటిగా లేచి, చివర్లో కాస్త ఎడమకి ఒరిగేది. నా ఆనందానికి హద్దు లేదు, రేంజ్‌లో నలుగురికి చెప్పాను కూడా. మామూలు ఐరన్ పట్టుకుంటే మాత్రం మళ్లీ పాత కథే, కుడికి. చేతికి ఇంకా అలవాటు కాలేదేమో అనుకుని ఇంకా ఎక్కువ కొట్టాను. నెల దాటింది. ఒకరోజు ఇంట్లో టైల్స్ మీద ఆ క్లబ్ ఆనించి పెట్టినప్పుడు బయటపడింది అసలు సంగతి. ఐరన్ కింది అంచుని టైల్స్ మధ్య గీతకి సరిగ్గా కలిపి, గచ్చు మీద సమంగా ఉంచి పైనుంచి చూస్తే, గ్రిప్ చివర ఉన్న బాణం గుర్తు గడియారంలో పన్నెండు దగ్గర ఉండాలి. నాది పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్యలో ఉంది. అంటే గ్రిప్ వంకరగా ఎక్కించారు. అచ్చులో చెయ్యి పద్ధతిగా కూర్చుంటే ఐరన్ మొహం ఎడమకి మూసుకుంటోంది, బంతి అందుకే కుడికి పోవడం లేదు. నా చెయ్యి బాగుపడలేదు, వంకర క్లబ్ నా తప్పుని కప్పిపెట్టింది, అంతే.

మామూలు గుండ్రటి గ్రిప్ కాస్త వంకరగా ఎక్కినా చెయ్యి దానికదే సర్దుకుంటుంది. అచ్చు గ్రిప్ అలా కాదు, అది చేతిని సర్దుకోనివ్వదు, దాని గొప్పతనమూ అదే, ప్రమాదమూ అదే. ఫొటో తీసి అమ్మినవాళ్లకి పంపించాను. మొదట "వాడితే అలవాటవుతుంది సర్" అన్నారు. టైల్ గీత మీద పెట్టి ఇంకో వీడియో తీసి పంపాక ఒప్పుకుని, పన్నెండు రోజులకి వేరేది పంపారు. రెండోది సరిగ్గానే ఉంది. కాబట్టి పెట్టె విప్పగానే రబ్బరు మెత్తగా ఉందా, రంగు బాగుందా అని కాదు, ముందు గచ్చు మీద పెట్టి బాణం చూసుకోండి. ఇంకోటి, ఎండాకాలంలో కారు డిక్కీలో వదిలేయకండి. గ్రిప్‌ని లోపల పట్టి ఉంచేది రెండు వైపులా అంటుకునే టేపు, మన పాలమూరు ఎండకి డిక్కీలో ఆ జిగురు మెత్తబడితే గ్రిప్ తిరిగిపోవచ్చు.

సరైన క్లబ్ వచ్చాక కూడా నేను చేసిన తప్పు, దాంతోనే గంటల తరబడి కొట్టడం. అచ్చులో ఉన్నంతసేపు చేతికి ఆలోచించే పనే లేదు, ఆలోచించని చెయ్యి ఏం నేర్చుకుంటుంది? తర్వాత పద్ధతి మార్చాను. అచ్చు క్లబ్ పట్టుకుని ఎక్కడెక్కడ తగులుతోందో కళ్లు మూసుకుని గమనిస్తాను, చెయ్యి తీసేస్తాను, వెంటనే మామూలు ఐరన్ మీద అదే పట్టు నాకు నేనే పట్టి చూస్తాను, అప్పుడు ఒక బంతి. బంతి బంతికీ ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దు. సాయంత్రం టీవీ ముందు కూర్చుని బంతి లేకుండా పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం, నిజం చెప్పాలంటే దానివల్లే ఎక్కువ లాభం జరిగింది. మూడు వారాల్లో మామూలు క్లబ్ మీద కూడా వేళ్లు వాటి చోటికి పోవడం మొదలైంది. బిగువు గురించి కోచ్‌లు ఒకటి నుంచి పది దాకా లెక్క చెప్తారు కదా, నాలుగైదు దగ్గర ఉంచమంటారు. నేను ఎనిమిది దగ్గర ఉండేవాణ్ణి. ఎడమ చేతి చివరి మూడు వేళ్లు, కుడి చేతి మధ్యవేలు, ఉంగరం వేలు, వీటితోనే పట్టు. మిగతావి ఊరికే ఆనుకుని ఉంటే చాలు.

అందరికీ సరిపోయే వస్తువు మాత్రం కాదిది. నాకొచ్చిన అచ్చు ఓవర్‌ల్యాప్ పట్టుకి పోసింది, అంటే కుడి చిటికెన వేలు ఎడమ చేతి వేళ్ల మధ్య సందు మీద ఎక్కి కూర్చునే పద్ధతి. ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఆరుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్ పేరు మీద దాన్నే వార్డన్ గ్రిప్ అంటారు. జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ లాగా రెండు వేళ్లు మెలేసి ఇంటర్‌లాక్ పట్టు పట్టేవాళ్లకి ఆ గుంటలు అడ్డం తగులుతాయి, రేంజ్‌లో ఒక అన్న పట్టి చూసి వెంటనే తిరిగిచ్చేశాడు. పట్టు ఏదైనా తప్పు కాదు, చిన్న చేతులున్నవాళ్లకి ఇంటర్‌లాకే సుఖం. పిల్లల చేతులకి ఈ అచ్చు పెద్దదవుతుంది, మరీ పెద్ద చేతులవాళ్లకి వేళ్లు గుంటల్లోంచి పైకొస్తాయి. కుడిచేతి వాటానికి పోసిన అచ్చు ఎడమచేతి వాటం వాళ్లకి అస్సలు పనికిరాదు, ఆర్డర్ పెట్టేటప్పుడు అది కూడా చూసుకోండి.

ఇది చెయ్యి మొదలయ్యే చోటుని సరిచేస్తుంది, చెయ్యి పోయే దారిని కాదు. క్లబ్ పైకి తీసుకెళ్లాక పైన ఎడమ మణికట్టు వెనక్కి విరిగితే, మీ పట్టు ఎంత బాగున్నా మొహం మళ్లీ తెరుచుకుంటుంది. నాకు ఆ తప్పు ఉందని పట్టు బాగుపడ్డాకే కనిపించింది. దానికి పైసా ఖర్చు లేని ఉపాయం, పిల్లల స్కేలు ఒకటి ఎడమ చేతి వెనక వైపు వాచీ బెల్టు కింద దూర్చి, బంతి లేకుండా మెల్లగా ఊపి చూడండి. మణికట్టు వెనక్కి విరిగితే స్కేలు చేతి వెనక పొడుచుకుంటుంది, సమంగా ఉంటే ఒత్తిడే తెలియదు. ఐరన్‌తో కొట్టే క్షణంలో చేతులు బంతికంటే కాస్త ముందు ఉండాలి. బంతిని కిందినుంచి పైకి ఎత్తాలని మణికట్టు ఆడిస్తే ఐరన్ ముందుకొచ్చి చేతులు వెనకబడతాయి, ఐరన్ బంతి పైభాగానికి తగులుతుంది లేదా ముందే మట్టి లేస్తుంది. ఫోన్‌ని చేతుల ఎత్తులో ఎదురుగా పెట్టి స్లో మోషన్‌లో తీసుకుంటే చేతులు ముందున్నాయో వెనకబడ్డాయో కనిపిస్తుంది. ఈ పని ఏ అచ్చూ చేయలేదు, వీలుంటే ఒక గంట మంచి కోచ్ దగ్గర గడపడం దీనికి మేలు.

పోటీల్లో ఆడేవాళ్లకి ఒక మాట. పటర్ (బంతిని గుంటలోకి మెల్లగా దొర్లించే క్లబ్) కాకుండా మిగతా క్లబ్‌ల గ్రిప్ గుండ్రంగా ఉండాలి, వేళ్లకి అచ్చుపోసింది రూల్స్ ఒప్పుకోవు. అలాంటి క్లబ్‌తో ఒక్క షాట్ కొట్టినా పోటీ నుంచి తీసేస్తారు. బ్యాగులో పొరపాటున ఉండిపోతుందేమోనన్న టెన్షన్ ఎందుకు, ఇంట్లో పెట్టి వెళ్లండి. గ్రిప్ వెనకాల సన్నగా పొడుగునా ఒక గట్టు ఉండే రకం మాత్రం రూల్స్ ఒప్పుకుంటాయి. వేళ్లు సరైన చోట ఉన్నాయని అది మెల్లగా గుర్తుచేస్తుంది. అచ్చు క్లబ్‌తో మూడు నెలలు అయ్యాక నేను నా ఐరన్లకి అదే వేయించుకున్నాను.

మూడు వేలు ఎందుకు పెట్టాలి అనుకుంటే పాత గ్లవ్ తీసుకుని, చూపుడు వేలి మధ్య కణుపు నుంచి చిటికెన వేలి మొదలు దాకా మార్కర్‌తో ఏటవాలుగా గీత గీయండి, ప్రతిసారి క్లబ్‌ని ఆ గీత మీద పెట్టి పట్టుకోండి. ఓపిక ఉన్నవాళ్లకి సగం పని దాంతోనే అవుతుంది. నాకు ఆ ఓపిక లేదు, రబ్బరు గుంటలు చేతికి చెప్పినంత స్పష్టంగా గీత చెప్పలేదు. అందుకే ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటి తగ్గించింది మొదటి క్లబ్ వంకరకి, దాని కన్నా ఎక్కువగా "అలవాటవుతుంది సర్" అన్న మాటకి. చేతి పట్టు నేర్పడానికే అమ్మే వస్తువుని గచ్చు మీద ఒక్కసారి పెట్టి చూసి పంపడం పెద్ద పనేం కాదు.

ఇప్పుడు వాడుతున్న గ్లవ్‌కి రెండు నెలలు దాటింది. అరచేతి మడమ దగ్గర ఇంకా తెల్లగానే ఉంది, వేళ్ల మొదళ్ల దగ్గర మాత్రం నల్లబడి మెత్తబడింది. ఇంకోటి, మా చిన్నది ఎడమచేతి వాటం, తొమ్మిదేళ్లు, నా వెంట చెలకకి వచ్చి అదీ కొడతానంటోంది. ఎడమచేతి వాళ్లకి పిల్లల సైజులో అచ్చు గ్రిప్ ఎవరైనా తెప్పించి ఉంటే, ఎక్కడ దొరికిందో, బాణం పన్నెండు దగ్గరే ఉందో లేదో కింద రాయండి.