మొక్కజొన్న చేలో చిలకలకి వడిసెల, రిబ్బను, కార్బైడ్ గన్: ఏళ్ల తరబడి వాడి చెబుతున్న మాట

శ్రీకాకుళం జిల్లా రణస్థలం, లావేరు వైపు రబీ మొక్కజొన్న వేసినవాళ్లకి గింజ పాలు పోసుకునే రోజులంటే టెన్షనే. చిలకలు గుంపుగా దిగి పొత్తు కొసన పొర చీల్చి, పై గింజలు నాలుగు కొరికి ఇంకో పొత్తు మీదికి పోతాయి. తినేదానికంటే పాడుచేసేదే ఎక్కువ. చీల్చిన పొత్తులోకి మంచు దిగి బూజు పడుతుంది. చంపడమన్న మాటే లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చిలకను చంపినా పట్టినా నేరమే. తోలుకోవడమే మన పని.

ఇప్పటికీ నా నమ్మకం వడిసెల మీదే, అంటే రాయో ఉండో పెట్టి గిరగిరా తిప్పి విసిరే తాడు మీదే. నైలాన్ తాడుతో చేసింది కూడా వాడాను, ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ మంచుకి తడిసిన చేతిలో జారుతుంది, వేలు కోస్తుంది. గోగునారతో పేనింది చేతికి పట్టు ఇస్తుంది, వదిలినప్పుడు కొస ఛళ్లుమంటుంది. సగం పిట్టలు ఆ చప్పుడికే లేచిపోతాయి. గోగు పండే జిల్లాలు మనవి, నారకి వెతుక్కోనక్కర్లేదు.

అందులో ఏం పెట్టి విసురుతామన్నది ఇంకా ముఖ్యం. గట్టు మీద దొరికిన రాయి దూరం పోతుంది, నిజమే. అది పక్క చేలో ఎవరి నెత్తిన పడుతుందో, ఏ గేదెకి తగులుతుందో తెలీదు. మొక్కల మీద పడితే కర్ర విరుగుతుంది. అందుకే నేను చెరువు మట్టి ఉండలే వాడతాను. మట్టిని బాగా పిసికి చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. అన్నీ ఒకే సైజులో ఉంటే చెయ్యి కుదురుతుంది, ఎంత దూరం పడుతుందో అంచనా దొరుకుతుంది. నేలకి తగలగానే చితికిపోతుంది, తడి పెట్టినప్పుడు మట్టిలో కలిసిపోతుంది. పిట్టకి గురిపెట్టొద్దు. గుంపు వాలబోయే చోటికి ఒక్క క్షణం ముందు వేస్తే చాలు, తిరిగి తాటితోపుకే పోతాయి.

దీనికున్న ఇబ్బంది ఒక్కటే, మంచె మీద మనిషి ఉండాలి. తెల్లారాక రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దువాలే ముందు రెండు గంటలు కదలకూడదు. మధ్యాహ్నం పెద్దగా రావు.

మనిషి దొరకనివాళ్లకి ఒకవైపు ఎరుపు, మరోవైపు వెండి రంగుండే అర అంగుళం రిబ్బను బాగానే పనిచేస్తుంది. ఉత్తరం దక్షిణాలుగా కర్రలు పాతి, పైరుకి అడుగు ఎత్తున, మూడు నాలుగు మెలికలు తిప్పి కట్టాలి. ఉదయం, సాయంత్రం ఎండ దాని మీద తళుక్కుమంటుంది, గాలికి జుమ్మని మోగుతుంది. గాలి లేని పొగమంచు ఉదయాల్లో మాత్రం దండగ. పది పదిహేను రోజులయ్యేసరికి చిలకలకి అలవాటైపోతుంది.

కార్బైడ్ గన్ వాడమని నేను ఎవరికీ చెప్పను. ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ ముక్క, నీటి చుక్కలు వేస్తే అసిటిలీన్ గ్యాసు పుడుతుంది, లైటర్ నొక్కితే పేలుతుంది. మొదటి రోజు చిలకలన్నీ పరార్. వారం తిరక్కుండానే గుంపు ఒక చుట్టు తిరిగి అక్కడే వాలుతుంది. పేలలేదేమని పైపులోకి తొంగి చూస్తే కళ్లు పోతాయి. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఎంతమంది పిల్లలు దీనితో కళ్లు దెబ్బతీసుకున్నారో పేపర్లలో చదివే ఉంటారు. చేలో పిల్లలు తిరిగే ఇంట్లో ఇది ఉండకూడదు.

నైలాన్ వల వేస్తే పంట దక్కుతుంది. కానీ అందులో చిక్కి గుడ్లగూబలు, పాములు కూడా చస్తాయి. పొలంలో ఎలుకల్ని తినేవి అవే కదా, నా మనసు ఒప్పుకోదు.

ఖర్చు లేని పని ఒకటుంది. చిలకలు ఎక్కువగా అంచు సాళ్ల మీదే వాలతాయి. బయటి మూడు నాలుగు సాళ్లలో పొత్తుని పక్కనున్న పచ్చాకుతో చుట్టేస్తే వాటికి కనబడదు. కొంచెం ఓపిక కావాలి, అంతే. నేను అంచుకి ఆకు చుట్టి, లోపల రిబ్బను కట్టి, మంచె మీద వడిసెల పెట్టుకుంటాను.

రిబ్బను మాత్రం ముందే కట్టేయకండి, పాలు పోసుకోవడం మొదలయ్యాకే కట్టండి. గింజ గట్టిపడ్డాక విప్పి చుట్టి దాచుకుంటే, వెండిపూత రాలనంత మేరకు రెండో పంటకీ పనికొస్తుంది.