కప్‌బోర్డుల పనికి ఏ మిషన్ ముందు కొనాలి?

తిరుపతిలో ఇప్పుడు కిచెన్ పని రెండు రకాలుగా నడుస్తోంది. ఆచారి ఇంటికే వచ్చి, ప్లైవుడ్ షీట్లు దించుకుని, హాల్లోనే కోసి, సన్‌మైకా అంటించి బాక్సులు కట్టడం ఒకటి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో కోసి, అంచులు మూసి, అట్టపెట్టెల్లో వచ్చిన ముక్కల్ని గోడకు బిగించడం ఇంకొకటి. "అన్నా, మొదట ఏ మిషన్ తీసుకోమంటావ్?" అని అడిగే పిల్లోళ్ళు తాము చేయబోయేది ఈ రెండింట్లో ఏదో మాత్రం చెప్పరు. జవాబంతా అక్కడే ఉంది. ఇంట్లోనే కోసే పనికైతే డబ్బు కోత మీద పెట్టాలి. బిగించే పనికైతే గోడ తొలిచే మిషన్ మీద పెట్టాలి. రెండూ చేసేవాడు కోతతో మొదలుపెట్టడమే మేలని నా లెక్క. వంకర కోతను అంచుకు కొట్టే ఏ బీడింగూ పూర్తిగా దాచలేదు.

కోతకు మన దగ్గర ఎక్కువమంది చేతిలో కనిపించేది మార్బుల్ కట్టర్. నాలుగంగుళాల డైమండ్ బ్లేడు తీసేసి చెక్క బ్లేడు బిగిస్తారు. 18 ఎంఎం ప్లై సునాయాసంగా తెగుతుంది, మిషన్ తేలిక, ధర తక్కువ. అందుకే దాన్ని వదలరు. కానీ అది రాయి కోసం తయారైన మిషన్. నిమిషానికి పన్నెండు వేల చుట్ల పైనే తిరుగుతుంది. దాని గార్డు సగమే, బ్లేడును పూర్తిగా కప్పదు. చెక్కలో బ్లేడు పట్టేస్తే మిషన్ ఒక్కసారిగా వెనక్కి తంతుంది, అప్పుడు చేతికి అడ్డు ఏమీ ఉండదు. బ్లేడు మీద రాసి ఉండే గరిష్ఠ వేగం మిషన్ వేగం కంటే తక్కువుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. చాలామంది ఆ అంకె చూడనే చూడరు. పాతికేళ్ళుగా ఇదే వాడుతున్నామనే పెద్దాచారులతో నేను వాదించను. కొత్తగా కొనేవాడికి మాత్రం వద్దనే చెబుతాను.

దాని బదులు ఏడంగుళాల సర్క్యులర్ సా, అంటే గుండ్రటి బ్లేడు తిరిగే చేతి రంపం, తీసుకోండి. దీని కింది గార్డు స్ప్రింగుతో పనిచేస్తుంది, కోత అయిపోగానే దానంతటదే మూసుకుంటుంది. బేస్ వెడల్పు కాబట్టి షీటు మీద ఊగదు. బల్లకు బిగించిన రంపం, టేబుల్ సా, ఇంకా మేలు కదా అంటారు. వర్క్‌షాపులో అయితే నిజమే. కానీ 8x4 షీటు, 18 ఎంఎం మందంలో, ముప్పై కిలోలు దాటుతుంది. కొర్లగుంట సందుల్లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కడే దాన్ని టేబుల్ మీద తిన్నగా తోయడం అయ్యే పని కాదు. షీటును మిషన్ దగ్గరికి మోసే బదులు మిషన్‌ను షీటు మీదికి తేవడం సులువు. నేల మీద రెండంగుళాల థర్మకోల్ పరిచి, దాని మీద షీటు వేసి, ప్లాస్టరింగ్ మేస్త్రీలు వాడే అల్యూమినియం పట్టీని రెండు క్లాంపులతో బిగించి, దాని వెంట మిషన్ నడిపితే ఎనిమిది అడుగులూ దారం కట్టినట్టు తెగుతుంది. ట్రాక్ సా అని ప్రత్యేకంగా దొరికేది ఇదే పనిని ఇంకా శుభ్రంగా, దుమ్ము తక్కువగా చేస్తుంది. పని నిలకడగా దొరికాక దాని సంగతి చూసుకోవచ్చు.

సన్‌మైకా పెచ్చులు ఊడటం అందరికీ ఉన్న బాధే. సర్క్యులర్ సా పళ్ళు కింది నుంచి పైకి వస్తాయి కాబట్టి పెచ్చు పైవైపే లేస్తుంది. కాబట్టి మంచి ముఖం నేలవైపు పెట్టి కోయాలి. టేబుల్ సాలో పళ్ళు పై నుంచి కిందికి దిగుతాయి, కాబట్టి దాని మీద మంచి ముఖం పైకి ఉండాలి. మిషన్‌తో వచ్చే బ్లేడుకు పళ్ళు తక్కువ, అది మొద్దు పనికి. 40 గానీ 60 గానీ పళ్ళున్న కార్బైడ్ బ్లేడు విడిగా కొనండి. ఖరీదైన మిషన్‌కు చవక బ్లేడు వేసేవాడి కంటే మామూలు మిషన్‌కు మంచి బ్లేడు వేసేవాడి పని బాగుంటుంది.

సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే జిగ్‌సా ఒక్కదానితో కిచెన్ అంతా లాగించేద్దాం అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ బ్లేడు లోపల వంగుతుంది. పైన గీత మీదే పోతున్నట్టు కనిపిస్తుంది, కింద అంచు పక్కకు జరిగి ఉంటుంది. రెండు బాక్సులు పక్కపక్కన పెట్టినప్పుడు ఆ తేడా సందుగా బయటపడుతుంది. అయినా పైపుల దగ్గర వేసే గాడికి, స్విచ్‌బోర్డు కన్నానికి, చిమ్నీ పైపు గుండ్రానికి దాన్ని మించింది లేదు. రెడీమేడ్ ముక్కలు బిగించేవాడికి సర్క్యులర్ సా లేకపోయినా నడుస్తుంది, జిగ్‌సా లేకపోతే పని ఆగుతుంది.

తిరిగే బిట్‌తో అంచులు చెక్కే మిషన్లలో పెద్దదైన రూటరా, చిన్నదైన ట్రిమ్మరా? విదేశీ వీడియోలు చూసినవాళ్ళు అరంగుళం రూటర్ కావాలంటారు. అక్కడ వంటగట్టు పైభాగమే లామినేట్ వేసిన చెక్క. మూలలో రెండు పలకల్ని అతకాలంటే అంత బలమైన రూటర్ తప్పదు. మనకు గట్టంటే గ్రానైటే, పాత ఇళ్ళలోనైతే కడప బండ. కాబట్టి ఆ పెద్ద రూటర్‌కు ఇక్కడ కిచెన్‌లో పనే లేదు. బేరింగ్ ఉన్న బిట్‌తో చిన్న ట్రిమ్మర్ ఉంటే అంటించిన సన్‌మైకా అంచు ఒక్క ఊపులో సాఫవుతుంది. తర్వాత ఆకురాయితో కాస్త మెరుగు పెడితే చాలు.

డ్రిల్లు దగ్గర కుర్రాళ్ళ మనసు దెబ్బ వేస్తూ స్క్రూ తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ మీదికి పోతుంది. పొట్టిగా, ముద్దుగా ఉంటుంది, పొడుగు స్క్రూను టకటకా దించేస్తుంది. కానీ హింజ్ స్క్రూ పొడవు 16 ఎంఎం. దానికి ఆ బలం అనవసరం, పైగా హాని. ఎక్కడ ఆగాలో చెప్పే క్లచ్ అందులో ఉండదు. పార్టికల్ బోర్డులో ఒక్క చుట్టు ఎక్కువైతే స్క్రూ పట్టు పోతుంది. సాఫ్ట్ క్లోజ్ హింజ్‌కు 35 ఎంఎం గుంత తొలవాలి, లోతు 12, 13 ఎంఎం. 18 ఎంఎం షట్టర్‌లో, అంటే కప్‌బోర్డు తలుపులో, మిగిలేది ఐదారు ఎంఎం. ఆ బిట్ పట్టుకోవడానికి చక్ ఉన్న డ్రిల్ డ్రైవరే సరైనది. క్లచ్‌ను చిన్న నంబరు మీద పెట్టి మొదలుపెట్టండి. ఇంపాక్ట్ డ్రైవర్ రెండో మిషన్‌గా మంచిదే. ఒకదానికి బిట్, ఇంకోదానికి స్క్రూ పెట్టుకుంటే మార్చే పని తప్పుతుంది.

ఇక గోడ. మామూలు హామర్ డ్రిల్లులో పళ్ళ మీద పళ్ళు గీసుకుని అదురు పుడుతుంది, నొక్కేది మన భుజమే. ఎస్‌డిఎస్ రోటరీ హామర్‌లో లోపలి పిస్టన్ గాలిని నొక్కి బిట్ వెనక దెబ్బ వేస్తుంది, మనం పట్టుకుంటే చాలు. ఎర్ర ఇటుక గోడకు మొదటిదైనా సరిపోతుంది. అపార్ట్‌మెంట్లలో పై బాక్సుల లైను ఎక్కడో ఒకచోట పిల్లర్‌కో లింటెల్‌కో తగలకుండా ఉండదు. ఆ కాంక్రీటు ముందు మామూలు డ్రిల్లు అరగంట అరిచినా బిట్ ఎర్రబడటం తప్ప ఒరిగేది లేదు. బిగింపు పని వాళ్ళకు నా ఓటు ఎస్‌డిఎస్‌కే, రెండు కిలోల తరగతిది చాలు. అయితే నాలుగున్నర అంగుళాల గోడకు హామర్ పెట్టి వెనక గదిలో ప్లాస్టరింగ్ ఊడగొట్టడం కూడా దీనితోనే జరుగుతుంది. అక్కడ చేతి బలం తగ్గించాలి. టైల్ మీద హామర్ ఆపేసి టైల్ బిట్‌తో దాటాకే ఆన్ చేయాలి. తేలికైన ఏఏసీ బ్లాకు గోడకు హామర్ అసలే వద్దు, కన్నం వదులైపోయి ప్లగ్గు నిలవదు. స్విచ్‌బోర్డుకు తిన్నగా పైనా కిందా వైరు పోతుంటుంది, ఆ గీతలో కన్నం పెట్టకండి.

బ్యాటరీదా, వైరుదా అన్నది మిషన్‌ను బట్టి. 18 వోల్టులూ, డబ్బా మీద 20 వోల్ట్ మ్యాక్స్ అని రాసేదీ ఒకటే. లోపల ఐదు సెల్స్, ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, ఫుల్ చార్జిలో నాలుగు వోల్టుల పైచిలుకు చూపిస్తుంది, అంతే తేడా. 18 వోల్టుల 4 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 72 వాట్-అవర్లు. కోతలో 700 వాట్లు లాగే రంపానికి అది ఆరు నిమిషాలు. డ్రిల్లుకు అదే బ్యాటరీ పూట గడిపేస్తుంది. అందుకే డ్రిల్లు బ్యాటరీది, రంపం వైరుది కొనమంటాను. బాష్, మకిటా, డివాల్ట్ ఏదైనా కానీ, మొదటి బ్యాటరీ ఏ కంపెనీదో తర్వాతి మిషన్లూ ఆ కంపెనీవే కొనాల్సి వస్తుంది. కాబట్టి సర్వీసు మన ఊళ్ళో దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. 1400 వాట్ల రంపం 6 ఆంపియర్లు తాగుతుంది. చిన్న సాకెట్‌కు, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించొద్దు. కిచెన్‌లో 16 ఆంపియర్ల సాకెట్ ఎలాగూ ఉంటుంది, దానికే పెట్టండి.

గ్రానైట్‌లో సింకు కన్నం, స్టవ్ కన్నం కోయడానికి గ్రైండర్ కొనాలా అని కూడా అడుగుతారు. చిత్తూరు జిల్లా గ్రానైట్‌కు పుట్టిల్లు, కుప్పం గ్రీన్ ఇక్కడిదే. దాన్ని కోసేవాళ్ళకు కొదవ లేదు. ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము అణుగుతుంది, కానీ అప్పుడు కరెంటు భయం. స్టవ్ డబ్బాలో కటౌట్ కొలతలు ఇచ్చి ఉంటారు. ఆ కాగితం రాయి పనివాళ్ళకిచ్చి, కోసే మిషన్ కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, ఉందో లేదో చూసి పక్కకు తప్పుకోండి.