సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు హెచ్చరిక: స్టార్ట్ కాని బండికి బ్యాటరీలు మారుస్తూ మూడు నెలలు పోగొట్టుకున్నాను

2025 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు విజయవాడలో ఒక డీలర్ దగ్గర పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. 2018 మోడల్, సింగిల్ ఓనర్, ఏపీ 16 నంబరు, మీటర్ మీద 41 వేల కిలోమీటర్లు, ధర 4 లక్షల 20 వేలు. మాది తెనాలి. అమ్మను కంటి ఆసుపత్రికి గుంటూరు తిప్పాలి, పిల్లలను వేసుకుని బస్సుల్లో పడలేకపోతున్నాం. ఉన్న డబ్బులు చాలక చీటీ పాడి మరీ తీసుకున్నాను. అది 2024 సెప్టెంబరు వరదలో సీట్ల దాకా మునిగిన బండి అని తెలిసేసరికి ఏప్రిల్ వచ్చింది.

అలాంటి బండ్లు ఇంకా అమ్మకానికి తిరుగుతూనే ఉన్నాయి. నాకు జరిగింది చదివి ఒక్కరు ఆగి చూసుకున్నా చాలు. అందుకే అన్నీ వివరంగా రాస్తున్నాను.

బండి చూడటానికి వెళ్లింది మధ్యాహ్నం మూడు గంటలకు. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. బెంజ్ సర్కిల్ దాకా ఒక రౌండ్ వేసి వచ్చాం, ఏసీ బాగుంది, గేర్లు బాగున్నాయి. లోపల కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, గట్టిగా మల్లెపూల సెంటు వాసన. మా బావమరిది బానెట్ మీద చెయ్యి వేసి "వేడిగా ఉంది బావా, ఇప్పుడే ఎవరో తిప్పినట్టున్నారు" అన్నాడు. నేను పట్టించుకోలేదు. అక్కడే తప్పు చేశాను. బండిలో రోగం ఉంటే అది బయటపడేది రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ను పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడే. వేడిగా ఉన్న బండి చాలా లోపాలు దాచేస్తుంది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒకరోజు పొద్దున తాళం తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు. అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. నాలుగోసారికి ఏమీ జరగనట్టే స్టార్ట్ అయింది. డీలర్‌కు ఫోన్ చేస్తే "బ్యాటరీ వీక్ సార్, పాత బండ్లకు మామూలే" అన్నాడు. 4,800 పెట్టి కొత్త బ్యాటరీ వేయించాను. తొమ్మిది రోజులు బాగా నడిచింది. పదో రోజు మళ్లీ టక్. ఈసారి షెడ్డులో సెల్ఫ్ మోటార్ విప్పి బ్రష్‌లు మార్చారు, 2,600. రెండు వారాలు నడిచింది. తర్వాత కొత్త రకం: సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ప్లగ్గులు మార్చారు, పెట్రోల్‌లో నీళ్లున్నాయేమో అని ట్యాంకు ఖాళీ చేశారు. ఇంకో 3,900. మధ్యలో స్కానర్ పెట్టి చూసి "కోడ్స్ (బండి కంప్యూటర్ రాసుకునే లోపాల నంబర్లు) ఏమీ లేవు, బండి క్లీన్" అన్నారు. ఆ కోడ్స్‌ను అదే స్కానర్‌తో అర నిమిషంలో చెరిపేయొచ్చని నాకు అప్పటికి తెలియదు.

ఏప్రిల్ మొదట్లో అమ్మకు ఆపరేషన్ తర్వాత చెకప్. పొద్దున ఆరున్నరకు ఆమె కళ్లజోడు పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. బండి కదల్లేదు. చివరికి ఆటో మాట్లాడి స్టేషన్‌కు పోయి రైలెక్కించాల్సి వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి కంటికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడటం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

ఆ సాయంత్రం తెలిసినవాళ్లు చెబితే ఒక పెద్దాయన ఇంటికి వచ్చాడు. నలభై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్న మనిషి. ఆయన చేసింది చూశాక, ముందు ఖర్చుపెట్టిన 11 వేలు ఎందుకు వృథా అయ్యాయో అర్థమైంది. ఇది అందరికీ పనికొస్తుంది కాబట్టి ఆయన చూపించినట్టే చెబుతాను.

ముందు హెడ్‌లైట్లు వేయమన్నాడు. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టు అబ్బాయ్, లైట్ల కేసి చూడు" అన్నాడు. టక్ మంది కానీ లైట్లు కొంచెం కూడా తగ్గలేదు. "బ్యాటరీ పోతే లైట్లు మసకబారతాయి, టకటకటక అని వరసగా కొట్టుకుంటుంది. ఇది ఒక్క దెబ్బ, లైట్లేమో నిండుగా ఉన్నాయి. బ్యాటరీ మీదకు తోసింది ఎవరు?" అని అడిగాడు.

తర్వాత మల్టీమీటర్ తీశాడు. బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే నిండుగా ఛార్జ్ ఉంది. మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర వైరు ఇంజిన్ ఇనుము మీద ఆనించి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. మూడు వోల్టులు దాటి చూపించింది. అక్కడ అర వోల్టు కూడా రాకూడదట. బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ వైరులోనే కరెంటు ఆగిపోతోందని దాని అర్థం. ఆ వైరు విప్పి పైన ఉన్న నల్ల తొడుగును బ్లేడుతో చీరాడు. లోపల రాగి తీగలు ఎర్రగా లేవు. పచ్చటి చిలుము పట్టి, వేళ్ల మధ్య నలిపితే పొడిగా రాలిపోయాయి. ఆ పొడి నా అరచేతిలో పోసి "ఇది ఏడేళ్ల బండికి పట్టాల్సిన చిలుము కాదు. ఇది నీళ్లు తాగింది" అన్నాడు.

కొత్త ఎర్త్ వైరు వేస్తే సెల్ఫ్ గట్టిగా తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. తాళం ఆన్‌లో పెట్టి వెనక సీటు దగ్గర చెవి పెట్టమన్నాడు. మంచి పెట్రోల్ బండికి తాళం ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు రెండు సెకన్లు సన్నగా గుయ్యిమంటుంది. మా బండిలో చప్పుడు లేదు. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్సు తెరిచి పంపు రిలే (పంపుకు కరెంటు వదిలే స్విచ్) లాగితే, అది కూర్చునే కాళ్ల మీద కూడా అదే పచ్చ చిలుము. రిలేని చేత్తో కదిపితే గుయ్యిమంది, వదిలితే ఆగింది. ఒకరోజు స్టార్ట్ అయి ఇంకోరోజు మొరాయించడానికి కారణం అదీ.

ఆయన ఇంక ఇంజిన్ వైపు పోలేదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. మనం పెట్టుకునేంత వరకు బెల్టు శుభ్రంగా ఉంది, ఉతికినట్టు మెరుస్తోంది. ఇంకా లాగాడు. చివరి జానెడు బయటకు వచ్చేసరికి దాని మీద ఎండిన బురద చార, గోరుతో గీకితే రాలుతోంది. తర్వాత కొత్త మ్యాట్ తీసి, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ పైకి లేపాడు. కింద స్పాంజి ఇంకా చెమ్మగా ఉంది. రేకు మీద మెత్తటి ఒండ్రు, పిండిలా. మల్లెపూల సెంటు ఎందుకు కొట్టారో అప్పుడు తెలిసింది. మా ఆవిడ ముక్కు మూసుకుని పక్కకు వెళ్లిపోయింది. నాకు మాట రాలేదు.

2024 ఆగస్టు చివర్లో కురిసిన వానలకు బుడమేరు పొంగి, సెప్టెంబరు 1 నుంచి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేరు కూడా ఊరి మీద పడింది. ఇళ్ల ముందు పెట్టుకున్న కార్లు నిలువునా మునిగాయి. నా బండి పేపర్లు పట్టుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ఛాసిస్ నంబరు కొట్టి చెప్పారు: 2024 సెప్టెంబరులో టో చేసి తెచ్చారు, "వాటర్ ఎంట్రీ" అని రాసుకున్నారు, ఎస్టిమేట్ ఇచ్చారు, రిపేరు చేయకుండానే బండి బయటకు వెళ్లిపోయింది. రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్ ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కేస్తారు, ఆ తర్వాత బండి తుక్కు ధరకు చేతులు మారుతుంది. అంత మాత్రాన ఆర్‌సీ దానంతటదే రద్దయిపోదు. అందుకే అలాంటి బండి కడిగి, కవర్లు వేసి, మళ్లీ యార్డులో నిలబెట్టడం కుదురుతోంది. వరదలో మునిగిన బండి అమ్ముకోవడం నేరమని నేను అనడం లేదు. పాపం, వాళ్లూ నష్టపోయినవాళ్లే. మునిగిందని చెప్పి ఆ ధరకు అమ్మితే తెలిసి కొనేవాళ్లు కొంటారు. దాచి పూర్తి ధరకు అంటగట్టడమే అన్యాయం.

ఎంపరివాహన్ యాప్‌లో నేను ముందే చూశాను. ఓనరు వరస, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ గడువు అన్నీ సరిగానే ఉన్నాయి. బండి మునిగిందా లేదా అన్నది అందులో ఉండదు. కానీ ఒక ఆనవాలు ఉంది, నేను చూసి కూడా వదిలేశాను. ఇన్సూరెన్స్ 2024 డిసెంబరులో కొత్తగా తీసుకున్నది, అది కూడా థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికే వర్తించేది) మాత్రమే. అంతకుముందు ఫుల్ పాలసీ ఉన్న ఆరేళ్ల బండికి హఠాత్తుగా థర్డ్ పార్టీకి ఎందుకు దిగారు అని అడిగి ఉండాల్సింది. పాత పాలసీ కాపీ అడగండి, అందులో క్లెయిమ్ ఉందేమో కనుక్కోండి. సర్వీస్ హిస్టరీ కూడా అడ్వాన్స్ ఇవ్వకముందే ఛాసిస్ నంబరుతో తీయించండి. ఓనరు ఒప్పుకోవాలి అంటారు సర్వీస్ సెంటర్ వాళ్లు. అలాగైతే ఓనరుతో ఫోన్ చేయించమని అమ్మేవాళ్లను అడగండి. దానికే నసిగితే ఆ బండి వదిలేయండి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని ముందు రోజే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. సీటు బెల్టులు నాలుగూ చివరిదాకా లాగండి. స్టెప్నీ తీసి దాని గుంటలో చెయ్యి పెట్టండి. సీటు కింద పట్టాలు, బోల్టులు చూడండి. లోపలి బోల్టులకు తుప్పు పట్టిందంటే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. తాళం ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో పీకేశారని అనుకోవాలి. నా బండిలో అది వెలగడం లేదు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ బాక్సు చాలా కార్లలో గేరు రాడ్ దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది, వరద నీళ్లు ముందు ముంచేది దాన్నే. స్టార్టింగ్ ట్రబుల్ సంగతి పక్కన పెడితే, మూడు నెలలు ఆ బండిలో పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పాను. ఇది తలుచుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఇప్పటికే కొనేసి, పొద్దున్నే బండి మొరాయిస్తుంటే, ఎవరు ఏ పార్టు మార్చమన్నా ముందు ఆ లైట్ల పరీక్ష, ఎర్త్ పరీక్ష చేయించండి. సెల్ఫ్ ఆపకుండా కొట్టకండి, పది సెకన్లు కొట్టి ఆపి కాసేపు ఆగండి, లేకపోతే మోటార్ కాలుతుంది. బండి ఈమధ్యే నీళ్లలో నిలిచిందని తెలిస్తే మాత్రం తాళమే తిప్పకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

డీలర్ ఏమన్నాడంటే, "నేను మధ్యవర్తిని మాత్రమే, అమ్మింది ఓనరు, ఆయన్ని అడగండి". ఆర్‌సీ పాత ఓనరు పేరు మీదే ఉంది, బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు ముందే పెట్టి ఉన్నాయి. అంటే కాగితాల మీద డీలర్ ఎక్కడా లేడు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఓ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, ఓనరు బండి తమకు అప్పగించినట్టు ఫారం 29సీలో తెలపాలి అని కేంద్రం రూల్ ఉంది. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. నేను అడగలేదు.

నన్ను నిలబెట్టినవి రెండే. ఒకటి, 3 లక్షల 50 వేలు డీలర్ అకౌంట్‌కే బ్యాంకు ద్వారా వేశాను. మిగతా 70 వేలు నోట్లు ఇచ్చాను, దానికి రుజువు లేదు. రెండు, కొనేముందు వాట్సాప్‌లో "యాక్సిడెంట్, వరద ఏమైనా ఉందా?" అని అడిగితే "క్లీన్ బండి సార్, గ్యారంటీ" అని వచ్చిన జవాబు. మీరూ ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి.

1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను, లాయరు నోటీసు పంపించాను. అప్పుడు డీలర్ 60 వేలు ఇస్తానని, ఎక్కడా రాయొద్దని కబురు పంపాడు. ఒప్పుకోలేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, సరుకు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. గుంటూరులో వేశాను. చిలుము పట్టిన ఎర్త్ వైరు, రిలే, ఒండ్రు ఉన్న స్పాంజి ముక్క కవర్లలో వేసి దాచాను. అవి విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంది. మీకూ ఇలా జరిగితే దేన్నీ కడగనివ్వకండి, పాత పార్టులు షెడ్డులో వదిలేయకండి.

వైరింగ్ మొత్తం మార్చాలంటే 80 వేల దాకా అవుతుందని పెద్దాయన లెక్క కట్టాడు. "మార్చినా గ్యారంటీ ఇవ్వలేను, నీ డబ్బులు తీసుకుని అబద్ధం చెప్పలేను" అన్నాడు. ఎర్త్ వైరుకు 350 మాత్రమే పుచ్చుకుని వెళ్లాడు. బండి ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉంది. మొదటి వాయిదా వచ్చే నెల 9న.